ముందు బిడ్డ పేరు రాయించండి



చర్ల, దుమ్ముగూడెం, పినపాక, కరకగూడెం, ములకలపల్లి, చండ్రుగొండ. కొత్తగూడెం జిల్లాలోని ఈ మండలాల అడవి గూడేల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గుడిసెలు వేసుకున్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు పని ఎక్కడ దొరుకుతుంది, తల్లి కూలికి పోతే పసివాళ్లను ఎవరు చూస్తారు, ఉన్న ఊరు పోగొట్టుకుని వచ్చిన మనిషి ఇక్కడ ఏ ఆఫీసు మెట్లెక్కాలి అన్నది ఈ పూట ప్రసంగం. ఆ గూడేల్లో తెలుగు ధారాళంగా వచ్చినవాళ్లు తక్కువ. అందుకే పొరుగున ఉన్న కోయ ఊళ్ల పెద్దలు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశ కార్యకర్తలు, మిరప రైతులు, బడికి పోయే పిల్లలు కాస్త చెవిపెట్టి వినాలని నా కోరిక. విన్నది వాళ్ల భాషలో వాళ్లకు చేర్చగలిగింది మీరే.

మనం వాళ్లను గుత్తికోయలు అంటున్నాం. వాళ్లలో ఎక్కువమంది మురియాలమని, కొందరు దోర్లలమని చెప్పుకుంటారు. మిరపకాయల కోతకు అటునుంచి ఇటు రావడం పాత అలవాటే. కోత అయిపోగానే వెళ్లిపోయేవాళ్లు. 2005లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక ఆ రాకడ మారిపోయింది. ఒకపక్క మావోయిస్టులు, ఇంకోపక్క జుడుం దళాలు. ఎటు మొగ్గినా చావే. ఊళ్లు తగలబడ్డాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. శిబిరానికి పోవడం ఇష్టంలేనివాళ్లు పిల్లల్ని చంకనేసుకుని అడవి దారిన గోదావరి వైపు నడిచారు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా పెట్టుకోవడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. కానీ అప్పటికే చాలామందికి వెనక్కి పోవడానికి ఇల్లూ లేదు, ధైర్యమూ లేదు. అప్పట్లో తల్లి చంకలో వాగు దాటిన బిడ్డకు ఇప్పుడు ఇరవై నిండాయి. ఆ బిడ్డకూ ఒక బిడ్డ ఉండి ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి తేటగా చెప్పుకోవాలి. వీళ్లు దేశం దాటి రాలేదు, రాష్ట్రం దాటి వచ్చారు. చట్టం దృష్టిలో వీళ్లు శరణార్థులు కారు, ఈ దేశ పౌరులు. దేశం లోపలే చెదిరిపోయిన మనుషుల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు రాసింది గాని, మన దగ్గర దానికంటూ చట్టం లేదు. శరణార్థులకూ లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థి ఒప్పందంలో భారతదేశం చేరలేదు. కాబట్టి కొత్తగూడెం కలెక్టరేట్‌లో ఎంత వెతికినా "చెదిరి వచ్చినవాళ్ల విభాగం" అనే బోర్డు కనపడదు. మనందరికీ ఉన్న ఆఫీసులే వాళ్లకూ ఉన్నాయి: అంగన్‌వాడీ, పంచాయతీ, బడి, ఆసుపత్రి, రేషన్ దుకాణం, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ. దేశంలో ఎక్కడైనా తిరిగే హక్కు, ఎక్కడైనా స్థిరపడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి పౌరుడికీ ఇచ్చింది. "మీరు ఇక్కడివాళ్లు కాదు" అన్న ఒక్క మాటతో ఎవరినైనా తిప్పి పంపేసే అధికారం ఏ గుమాస్తాకూ లేదు.

మరి దేనితో మొదలుపెట్టాలి? మామూలుగా మగవాళ్లు పని కోసమో భూమి కోసమో మొదట బయల్దేరతారు. అక్కడ అడిగే మొదటి మాట ఆధార్, రెండోది రేషన్ కార్డు, మూడోది కుల ధ్రువపత్రం. చాలామందికి మూడూ ఉండవు. మనిషి వెనక్కి వచ్చేస్తాడు, మళ్లీ ఆ ఆఫీసు ముఖం చూడడు. నా సలహా వేరు. ముందు బిడ్డతో మొదలుపెట్టండి. మన చట్టాలు పెద్దవాళ్ల దగ్గర అడిగినన్ని కాగితాలు పిల్లల దగ్గర అడగవు. బిడ్డ పేరు ఒక రిజిస్టరులో ఎక్కితే ఆ కుటుంబం ఫలానా చోట ఉంటున్నదని ప్రభుత్వమే రాసినట్టు. తర్వాతి కాగితాలు చాలావరకు దాన్ని పట్టుకుని వస్తాయి.

మొదట అంగన్‌వాడీ సంగతి. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే కేంద్రం అది. 2013 ఆహార భద్రత చట్టం వచ్చాక అక్కడ పెట్టే తిండి ప్రభుత్వ దయ కాదు, హక్కు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి పసిబిడ్డకూ, ప్రతి గర్భిణికీ, బిడ్డ పుట్టాక ఆరు నెలల దాకా ప్రతి తల్లికీ ఉచితంగా ఆహారం అందాలని ఆ చట్టంలో రాశారు. ఏ రాష్ట్రంలో పుట్టారో, ఏ తెగవారో ఆ వాక్యంలో లేదు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు. ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు బాలామృతం. చెలమ నీళ్లు తాగుతూ, ఏడాదిలో సగం రోజులు గంజితో గడిపే గూడేనికి ఆ గుడ్డు విలువ ఎంతో అంగన్‌వాడీ ఆయమ్మను అడిగితే చెబుతుంది.

"ఆధార్ లేదు, ఫోన్‌లో పేరు ఎక్కడం లేదు" అన్న జవాబు వస్తుంది. టీచరు కూడా చెడ్డ మనసుతో అనకపోవచ్చు, ఆమె మీద లెక్కల ఒత్తిడి ఉంటుంది. అయితే ఆధార్ లేని కారణంగా ఏ బిడ్డకూ దక్కాల్సింది ఆపడానికి వీల్లేదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ కేసు తీర్పులోనే చెప్పింది. ఆధార్ ఇంకా రానివాళ్లకు వేరే గుర్తింపు చూపే అవకాశం ఇవ్వాలని ఆధార్ చట్టం ఏడో సెక్షన్‌లోనే ఉంది. టీచరమ్మ చేతిరాత రిజిస్టరులో పేరు రాసుకుని, పై సూపర్‌వైజరుకు చెప్పి, తిండి పెట్టడం ఆపకుండా ఉంటే చాలు. ఎందరో టీచర్లు ఇప్పటికే ఈ పని చేస్తున్నారు, వాగులు దాటి గూడేలకు గుడ్లు మోసుకుపోయేవాళ్లున్నారు. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

అసలు గూడెంలో కేంద్రమే లేకపోతే? దానికీ దారి ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఆహార హక్కు కేసులో 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని ఊరు అడిగితే, అడిగిన రోజు నుంచి మూడు నెలల్లో కేంద్రం పెట్టాలి. అంటే ఎవరో దయతలచి మంజూరు చేసేదాకా కూర్చోనక్కర్లేదు, గూడెమే అడగొచ్చు. పెద్దలు నలుగురు కూర్చుని పిల్లల పేర్లు, వయసులు, తల్లుల పేర్లు ఒక తెల్లకాగితం మీద రాయించి, కింద వేలిముద్రలు వేసి, శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి ఇవ్వాలి. 40 మంది లేరా? చిన్న ఆవాసాలకు చిన్న కేంద్రమో, పక్క ఊరి కేంద్రం నుంచి తిండి పంపే ఏర్పాటో అడగండి. ఆ కాగితం రాసిపెట్టే పని ఇంటర్ చదివే పిల్లాడు ఒక సాయంత్రంలో చేస్తాడు.

రెండో రిజిస్టరు పుట్టుకలది. నన్నడిగితే ఈ ప్రసంగం మొత్తంలో ఈ ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలంటాను. పుట్టుక నమోదు తల్లిదండ్రుల సొంత ఊళ్లో జరగదు. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే జరుగుతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెప్పింది అదే. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఛత్తీస్‌గఢ్ బిడ్డ అని ఎవరూ అనడానికి లేదు, ఆ పుట్టుక భద్రాచలంలోనే నమోదవుతుంది. ఆసుపత్రిలో కాన్పు అయితే నమోదు బాధ్యత ఆసుపత్రిదే. డిశ్చార్జి అయ్యే ముందు బిడ్డ పుట్టిన వివరం నమోదైందా అని ఒక్కమాట అడగాలి, తల్లిదండ్రుల పేర్లు సరిగా రాశారో లేదో చదివించుకోవాలి. ఇంటి దగ్గర కాన్పు అయితే ఇంటి పెద్ద 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి. ఆ గడువులో డబ్బు కట్టనక్కర్లేదు. గడువు దాటితే ఆలస్య రుసుము, అదనపు కాగితాలు. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కష్టమే గాని దారి మూసుకుపోలేదు.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, 2023లో ఆ చట్టాన్ని సవరించారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, ఓటుకు, ఆధార్‌కు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన తేదీ, పుట్టిన చోటు చూపే ఆధారం జనన ధ్రువపత్రమే. ఇరవై ఏళ్ల కిందట వచ్చిన తాతకు ఏ కాగితమూ లేకపోవచ్చు. ఈ ఏడు పుట్టిన మనవరాలికి కూడా లేకుండా పోతే ఆ కుటుంబం మూడో తరం కూడా అదే చీకట్లో ఉండిపోతుంది. ఆశ కార్యకర్తలకు నా విన్నపం: కాన్పుల లెక్క మీ దగ్గర ఉంటుంది. టీకా వేయించే రోజే ఈ సంగతీ చూడండి.

బడి విషయంలో చట్టం ఇంకా సూటిగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లనూ చేర్చుకోకుండా ఉండకూడదు. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత స్థానిక సంస్థదేనని తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. పదేళ్ల పిల్ల ఎన్నడూ బడికి పోకపోయినా ఆమె వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడినది నేర్పించాలి. జాతీయ బాలల హక్కుల కమిషన్ 2007లో ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు శాంతా సిన్హా గారు. ఆ మొదటి ఏడాదే కమిషన్ బృందం అప్పటి ఖమ్మం జిల్లాకు వచ్చి ఈ గూడేల పిల్లల పరిస్థితి చూసింది. అప్పటినుంచి కొన్ని గూడేల పిల్లలు ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్లో చదువుకుని పైకొచ్చారు. బడి దూరమైన గూడేల్లో ఇంకా పిల్లలు మేకల వెంటే ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది ఒకటి, బడిలో వినపడేది ఒకటి కావడంతో చేరిన పిల్లలు కూడా రెండో ఏడు నిలవడం లేదు. కోయ తెలిసిన విద్యావాలంటీరు ఒక్కరుంటే ఆ బడి కథ మారుతుంది. పక్క ఊళ్లలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కోయ యువతులెందరో ఉన్నారు. అధికారులు ఈ రెండు అవసరాలనూ ఒకచోట చేర్చాలి.

పిల్లల గురించి ఇంతసేపు మాట్లాడటానికి ఇంకో కారణం కూడా ఉంది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ములుగు జిల్లా పేరూరు మిరప చేలల్లో పనికి వచ్చిన పన్నెండేళ్ల బీజాపూర్ బాలిక తనవాళ్లతో కలిసి కాలినడకన ఇంటికి బయల్దేరింది. ఇల్లు ఇంకాసేపట్లో వస్తుందనగా కన్నుమూసింది. పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత పొలంలో కూలిపని చేయించడం నేరమని చట్టం ఉంది. కానీ తల్లి మిరప చేలో ఉన్న రోజు పిల్లను వదిలే చోటు లేకపోతే, పిల్ల కూడా ఆ చేలోనే ఉంటుంది. మొదట గట్టు మీద కూర్చుంటుంది, పై ఏడు బుట్ట పట్టుకుంటుంది. కోతల నెలల్లో కూలీలు గుడారాలు వేసుకునే చోటికి దగ్గరి అంగన్‌వాడీ, దగ్గరి బడి ఆ పిల్లలను తీసుకోవాలి. మిరప రైతులు మేస్త్రితో బేరం మాట్లాడుకునే రోజే పిల్లల మాట కూడా మాట్లాడాలి. కూలీలతో పాటు చంటిపిల్లలు ఎందరు వస్తున్నారో టీచరుకు ఒక్క ఫోను చేసి చెప్పండి.

ఇక పని దగ్గరకు వద్దాం. గ్రామీణ ఉపాధి హామీ పథకం మన తెలుగు నేల మీదే మొదలైంది, 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. 2005 నాటి ఆ చట్టం కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అన్నది. పథకం పేర్లు, రోజుల లెక్కలు కాలంతో మారుతుంటాయి, తాజా సంగతి మండల పరిషత్ ఆఫీసులో అడగండి. అడిగే తీరు మాత్రం ఆ చట్టమే నేర్పింది. పల్లెలో నివాసం ఉంటూ, ఒళ్లు వంచి పనిచేయడానికి సిద్ధపడిన పెద్దవాళ్లంతా అర్హులని అందులో ఉంది. దరఖాస్తు ఇచ్చాక పదిహేను రోజుల్లో జాబ్ కార్డు, పని అడిగాక పదిహేను రోజుల్లో పని, లేదంటే నిరుద్యోగ భృతి అని రాశారు. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకు మించో పని చోటుకు వస్తే, కూలికి వచ్చిన ఆడవాళ్లలోనే ఒకామెను పిల్లల్ని చూడటానికి పెట్టి ఆమెకూ కూలి కట్టాలని కూడా రాశారు. ఎండలో గట్టు పక్కన చీర ఉయ్యాల కట్టుకుని మట్టి మోసే తల్లులను చూసినప్పుడల్లా, ఆ వాక్యం ఎవరికీ తెలియకుండా పుస్తకంలోనే ఉండిపోయిందే అని నాకు కడుపు మండుతుంది. మేట్లూ ఫీల్డ్ అసిస్టెంట్లూ ఈ మాట వింటున్నారనుకుంటాను.

ఇక్కడ కాగితం కన్నా ముఖ్యమైనది రసీదు. పని కావాలని నోటితో అడిగితే అడిగినట్టు కాదు. రెండు కాగితాలు రాయించండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. తేదీ లేకపోతే పదిహేను రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో ఎవరికీ తెలియదు. అంగన్‌వాడీ అడిగినా, జనన ధ్రువపత్రం అడిగినా పద్ధతి ఇదే.

వేసవిలో తునికాకు కల్లాలు నడుస్తాయి. 50 ఆకులు ఒక కట్ట. కట్టల లెక్క కల్లంలో రాసేటప్పుడు మీ పేరు మీదే రాయించుకోండి, ఇంకొకరి పేరు మీద పడితే తర్వాత వచ్చే బోనస్ వాళ్లకే పోతుంది. అడ్వాన్సు ఇచ్చాం, అది తీరేదాకా కదలడానికి వీల్లేదని ఎవరైనా కట్టిపడేస్తే అది వెట్టి. 1976లో వెట్టిని రద్దు చేశారు. తహశీల్దారుకో ఆర్డీఓకో కలెక్టరుకో చెబితే విచారణ జరిపి విడిపించే బాధ్యత వాళ్లది.

రేషన్ గురించి క్లుప్తంగా. ఛత్తీస్‌గఢ్‌లో ఆహార భద్రత కార్డు ఉన్నవాళ్లు దాన్ని పారేయకండి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ఏర్పాటు కింద ఆ కార్డు మీద రావలసిన బియ్యం ఇక్కడి చౌకధరల దుకాణంలోనూ తీసుకోవచ్చు. కార్డుకు ఆధార్ కలిపి ఉండాలి, వేలిముద్ర పడాలి, అంతే. తల్లిదండ్రులు అక్కడే ఉంటే వాళ్ల వాటా వాళ్లు అక్కడ, మీ వాటా మీరు ఇక్కడ తీసుకునే వీలుంది.

తేలనివి కూడా ఉన్నాయి, వాటిని దాచడం మంచిది కాదు. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలుగా ఉన్నవాళ్లకు తెలంగాణలో ఆ హోదా దొరకడం లేదు. రాష్ట్రం మారితే తెగల జాబితా మారడమే దానికి కారణం. దాంతో బడి దాటిన పిల్లాడికి హాస్టలు సీటు దగ్గర, స్కాలర్‌షిప్ దగ్గర దారి ఆగిపోతోంది. భూమి ఇంకా పెద్ద ముడి. 2006 అటవీ హక్కుల చట్టంలో పట్టాకు 2005 డిసెంబరు 13 గడువు తేదీ. వీళ్లలో చాలామంది ఆ తేదీ దాటాకే వచ్చారు, కనుక ఇక్కడి పోడుకు పట్టా రాదు. అటవీ శాఖకు వీళ్లు అడవి నరికేవాళ్లు. ఇక్కడి కోయలకు ఉన్న కాస్త అడవిలోనూ వాటాకు వచ్చినవాళ్లు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజ్ అధికారి పోడు గొడవలో హత్యకు గురయ్యారు. విధి నిర్వహణలో ఉన్న మనిషిని చంపడం ఘోరం, ఆ కుటుంబానికి జరిగిన నష్టం తీరేది కాదు. ఆ తర్వాత గుత్తికోయలందరూ వెళ్లిపోవాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది. నేరం చేసినవాళ్లకు కోర్టు శిక్ష వేస్తుంది. ఆ గూడెంలో రెండేళ్ల పిల్లకు గుడ్డు ఆపడం ఏ కోర్టూ వేయని శిక్ష. ఈ రెండిటినీ కలపవద్దని ఆ చుట్టుపక్కల పెద్దలను బతిమాలుతున్నాను. తెగ హోదా, భూమి రెండు రాష్ట్రాలూ కేంద్రమూ కలిసి తేల్చాల్సినవి. అవి తేలేదాకా బిడ్డ ఆకలి ఆగదు కదా.

గుడిసె కూలుస్తామని నోటీసు వచ్చినా, కూలి ఎగ్గొట్టినా, ఊరు వదలమని బెదిరించినా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 1987 చట్టం ఇచ్చిన హక్కు అది. ఫోను 15100. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098. ఈ రెండు నంబర్లూ గూడెంలో ఎవరో ఒకరి ఫోనులో దాచి ఉంచండి.

కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి సోమవారం. భద్రాచలం ఐటీడీఏలో గిరిజన దర్బారు కూడా సోమవారమే. ఒంటరిగా పోవద్దు. ఇద్దరు ముగ్గురు తల్లులు, తెలుగు వచ్చిన ఒక మనిషి, రెండు ప్రతుల కాగితం. వానాకాలం వస్తే తాలిపేరు నది పొంగుతుంది, వాగులు దాటడం కుదరదు, నెలల తరబడి గూడేనికి టీచరూ రాలేరు, ఆశమ్మా రాలేరు. అందుకని ఎండలు తగ్గకముందే, తునికాకు కల్లాలు ముగిసే లోపలే, ప్రతి గూడెంలో ఆరేళ్లలోపు పిల్లల పేర్ల జాబితా తయారుచేయించి ఇవ్వండి. పంచాయతీ కార్యదర్శులు ఆ జాబితా తీసుకుని, తేదీ వేసి, రసీదు రాసివ్వండి.